ఏసుమణి టమోటాలు

కోతపండుగ ఆరాధన అయినాక చర్చి ముందర వేలంపాట మొదలైంది. ఏసుమణి దేవునికి తెచ్చిన టమోటా గంపకు ఎవరెంత పాడినా, ఏసేపు ఇంకొంచెం ఎక్కువ పాడి చివరికి తనే దక్కించుకున్నాడు.

"నీది పెద్ద మనసప్పా" అన్నాడు పాస్టరయ్య.

ఏసేపు గంపను తన పక్కకు లాక్కున్నాడు. ఆ కాయలు ఎవరి నోట్లోకీ పోకముందే గుంత తీసి పూడ్చేయాలని చూస్తున్నాడు.

అతను పనిచేసే ఫ్యాక్టరీలో పాత తగరాన్ని కరగబోసి, పలకలు చేసి, యాసిడ్ తొట్టిలో వేలాడదీసి కరెంటు పెడతారు. శుద్ధమైన తగరం ఎదురుగా ఉన్న రేకు మీద పేరుకుంటుంది. సీసం కలిసిన విషపు బురద అడుగున మిగులుతుంది. దాన్ని వానలకు పారే వంకలో పారబోసి వచ్చేది ఏసేపే.

ఏసుమణి దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

"అన్నా, వంకలో మీ ఫ్యాక్టరీ నల్లమట్టిని చెరువు ఒండ్రు మాదిరి మోసుకొచ్చి మళ్లో చల్లుకున్నా. ఆ పొద్దు నువ్వు చూసినావు, తిడతావని శానా భయపడినా. ఒక్క మాట అనకుండా పోయినావు. ఆ మేలు మర్చిపోనన్నా."

గంపలోంచి ఒక కాయ తీసి అతని చేతిలో పెట్టింది.

"తిని చూడు. ఇంట్లో పిల్లోళ్లు దినామూ కోసినవి కోసినట్టే తింటాండారు."