బూజుల పెళ్ళిళ్ళు

“ఏమ్మా, ఇవాళ ఎన్ని బూజులకి పెళ్ళిళ్ళు చేశావు?”

ఆ మాట అడగకుండా మామగారు భోజనం మొదలుపెట్టరు. ల్యాబులో బూజుల మీద పరిశోధన చేసే కోడలు తలవంచుకుని కంచం దగ్గరికి లాక్కుంది. జవాబు చెప్పినా నవ్వుతారు, చెప్పకపోయినా నవ్వుతారు. చెప్పకపోవడమే నయం, కూరైనా చల్లారకుండా ఉంటుంది.

ఆయన రిటైరైన పశువైద్యుడు. ఉద్యోగం వదిలినా బుద్ధి వదల్లేదు. ఒకప్పుడు పశువుల్ని పశువుల్లా చూసేవారు, ఇప్పుడు మనుషుల్ని అలా చూస్తున్నారు, అంతే తేడా. ఏ ఆవు చూలు కడుతుందో, ఏది కట్టదో నడక చూసి చెప్పేస్తానంటారు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా నీళ్ళోసుకోని కోడల్ని కూడా అలాగే నడక చూసి తేల్చేశారు.

“బూజుకి కూడా పిల్లలు పుడుతున్నారు. పెంచేవాళ్ళకే ఆ రాత లేదు,” అన్నారు ముద్ద కలుపుతూ.

“నాన్నా!” అన్నాడు ఆమె భర్త.

ఎప్పుడూ ఆ ఒక్క మాటే అంటాడు. తర్వాత నీళ్ళు తాగుతాడు. ఆ రోజు మాత్రం గ్లాసు పట్టుకునే ఇంకో ముక్క అన్నాడు. “తన పరీక్షలన్నీ బాగానే ఉన్నాయట. డాక్టరమ్మ నన్ను కూడా ఒకసారి రమ్మంది.”

“నిన్నా? మన వంశంలో మగాడికి పరీక్షా?” మామగారికి పొలమారినంత పనైంది. “మీ అమ్మకీ మొదట్లో ఇదే తంతు. ఎన్ని మందులు మింగించాను! చివరికి విశ్రాంతి కావాలని వాళ్ళక్క దగ్గరికి పంపించాను. తిరిగొచ్చేసరికి నెల తప్పింది. లోపం ఎప్పుడూ ఆవులోనే ఉంటుందిరా. నా సర్వీసు మొత్తమ్మీద నేను ఒక్క ఆబోతుని కూడా తప్పు పట్టలేదు.”

అత్తగారు కూరగిన్నె మీద ఠపీమని మూత పెట్టింది. ఆ ఇంట్లో ఆవిడ అభిప్రాయాలు అలాగే వినిపిస్తాయి.

మర్నాడు ఆవిడ కోడలి ల్యాబుకి వచ్చింది. ఎప్పుడూ అటువైపు తొంగిచూడని మనిషి. గుమ్మంలోనే నిలబడి, ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, వరసగా పేర్చిన గాజు పళ్ళేలని చూసి మొహం చిట్లించింది.

“కూర్చోండత్తయ్యా. ఏమైంది?”

“మీ మామయ్య పంపించారు. నిన్ను పుట్టింటికి వెళ్ళమని చెప్పమన్నారు. తిరిగి రమ్మని మాత్రం చెప్పమనలేదు.”

కోడలు చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టింది. “మీ అబ్బాయికి తెలుసా?”

“వాడికి ఇంకా తెలీదు. తెలిస్తే మాత్రం? ‘నాన్నా’ అంటాడు. నీళ్ళు తాగుతాడు.”

అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుని, చెయ్యి తీసేసి, పళ్ళెంలోకి వంగి చూసింది.

“రొట్టె మీద పట్టేదేనా ఇది?”

“అదే అత్తయ్యా.”

“ఇందులో మగాడెవరు?”

“ఆడా మగా ఉండవు. రెండు రకాలుంటాయి. గుర్తు కోసం ప్లస్, మైనస్ అని పిలుస్తాం. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. వేరు వేరు రకాలు ఎదురుపడితేనే కలుస్తాయి. కలిసిన చోట, ఇదిగో, ఇలా నల్లటి గీత పడుతుంది. ఆ గీతే వాటి సంతానం.”

“మరి ఈ పక్క పళ్ళెంలో గీత లేదే?”

“అవి రెండూ ఒకే రకం. పక్కపక్కనే హాయిగా పెరుగుతాయి, అంతే.”

“లోపం దేనిది?”

“దేనిదీ కాదు.”

“అలా ఎలా కుదురుతుంది? ఎవరో ఒకరి నెత్తిన పడెయ్యాలి కదా.” ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో ఎక్కడా నవ్వు లేదు. “సరే, దీన్ని తీసుకెళ్ళి ఇంకోదాని పక్కన పెడితే?”

“రెండో రకం పక్కన పెడితే కొద్దిరోజుల్లోనే గీత పడుతుంది.”

అత్తగారు గీత లేని ఆ పళ్ళేన్ని దగ్గరికి లాక్కుంది.

“దీన్ని గొడ్డుదని ఎవరూ తిట్టరు కదా?”

“బూజుని ఎవరు తిడతారత్తయ్యా?”

“పెట్టి పుట్టింది,” అని ఆవిడ లేచింది. “రేపు వాణ్ణి పరీక్షకి తీసుకెళ్ళు. మీ మామయ్య సంగతి నేను చూసుకుంటాను.”

ఏం చూసుకుందో గానీ, మామగారు గొణుక్కుంటూనే కొడుకుని వెళ్ళనిచ్చారు. ఫలితం వచ్చిన రోజు హాల్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కొడుకు చెప్పులు విప్పకముందే అడిగారు.

“ఏమంది?”

“నాకంతా బాగానే ఉందట. తనకీ బాగానే ఉందట. ఇంకొంతకాలం చూద్దామంది.”

చివరి రెండు ముక్కలూ మామగారి చెవికెక్కలేదు. తొడ చరుచుకున్నారు. “చూశావుటే! పోలిక ఎక్కడికి పోతుంది? ఎవరి కొడుకనుకున్నారు?” అని భార్యని పిలిచి మరీ చెప్పారు. తర్వాత కోడలివైపు తిరిగారు, సంతలో అమ్ముడుపోని సరుకుని చూసినట్టు. “విన్నావుగా అమ్మాయ్. ఇంక పెట్టె సర్దుకో.”

కోడలు కదల్లేదు. భర్త వైపు చూసింది. అతను బల్ల మీది గ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టేశాడు.

“నాన్నా,” అన్నాడు. ఈసారి అక్కడితో ఆగలేదు. “తన పెట్టెలోనే నా బట్టలు కూడా సర్దుతాను.”

మామగారు నోరు తెరిచారు. ఆ నోట్లోంచి మాట రావడానికి కాస్త సమయం పట్టింది. వచ్చాక మాత్రం వీధి చివరిదాకా వినబడింది.

“దాని వెనకాల పోతావుట్రా? నా మాట కాదని ఈ గడప దాటితే నువ్వసలు నా కొడుకువే కాదు!”

అత్తగారు ముందుకొచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. తన భర్తని తల నుంచి కాళ్ళ దాకా తీరిగ్గా ఒకసారి చూసింది.

“కాదని నాకెప్పుడో తెలుసండీ.”