కొత్త చేప

"ఆ పెద్ద చేపను వెయ్యొద్దు, ఓబుళమ్మా! చిన్నవాటి తోకలు కొరుకుతాది," అరిచాడు నంజుండప్ప. నాచు నాటిన గాజుతొట్టిని బెంగుళూరు నుంచి హిందూపురానికి తెచ్చిన నాటినుంచీ ఆయన చేపలకు జాతకాలు చూస్తున్నాడు.

"పొత్తు కుదిరితేనే వెయ్యల్లనా?" చెంబులో చేపతో నిలబడ్డ భార్య అడిగింది.

"మరి! తొట్టి చిన్నది. కొత్తది వచ్చి పాతదాన్ని తరమకూడదు."

"ఎంత దయ! రేపు తనకల్లు నుంచి రెండో పెండ్లాన్ని తెస్తాండావే, ఈ రెండంకణాల ఇంట్లో మా పొత్తు చూసినావా?"

"నువ్వు సర్దుకుంటావులే."

"నేనెందుకప్పా సర్దుకునేది? ఇల్లరికం వచ్చినోడివి నువ్వు. ఈ పెద్ద తొట్టి, ఈ ఇల్లు, మా నాయనది."

నంజుండప్ప నోరు తెరిచాడు, చేపలాగే.

ఓబుళమ్మ చెంబు ఆయన చేతిలో పెట్టింది. "తనకల్లు బస్సు ఉండాది. ఇద్దరూ పోండి."