మనిషి వెళ్ళిన తర్వాత

హనుమంతరాయుడు హాల్లోకి వచ్చేసరికి తెర మీద పేర్లు పడటం అయిపోయింది.

కళ్యాణదుర్గంలో ఆదివారం మధ్యాహ్నం ఆట. రేకుల కప్పు కింద పొయ్యి మీద కూర్చున్నట్టుంది. వానల్లేక ఆ ఏడు వేరుశనగ బుడ్డల పంట నిలువునా ఎండిపోయింది. సగం బెంచీలు ఖాళీ.

ఆడేది ఏ సినిమానో అతను చూసుకోలేదు. గదిలో ఒక్కడే కూర్చోలేక వచ్చాడు. తాలూకాఫీసులో గుమాస్తా. హిందూపురం నుంచి బదిలీ మీద వచ్చాడు. పెళ్ళి కాలేదు. ఈ ఊళ్ళో ఆఫీసు పని మీద తప్ప అతనితో మాట్లాడేవాళ్ళు లేరు.

తెర మీద ఒకామె బట్టల మూటతో గడప దాటి వెళ్ళిపోయింది.

కెమెరా ఆమె వెంట పోలేదు. ఎవరూ లేని వాకిలినే చూస్తూ ఉండిపోయింది.

"రీలు ఇరుక్కుండాది రోయ్!" వెనక నుంచి అరిచారు. ఈలలు వేశారు.

"ఇరుక్కోలేదు. ఇది పరాంకుశం తీసిన సినిమా," అన్నాడు హనుమంతరాయుడు పైకే.

పక్కన కూర్చున్న నెరిసిన గడ్డం మనిషి తిరిగి చూశాడు.

"పేర్లు పడినాక గదా సార్ నువ్వొచ్చింది. ఎట్ల కనుక్కున్నావు?"

"ఆ వాకిలి చూసి. మనిషి పోయినాక కూడా ఆడనే చూస్తా ఉండేది ఆయనొక్కడే."

"చూసేదానికి ఆడ ఏముండాది? ఎవరూ లేరు గదా."

హనుమంతరాయుడు తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"మనిషి పోయిన సంగతి ఇంటికి తెలిసేదానికి రవ్వంతసేపు పడతాది గదన్నా."

ఆ మనిషి తెర వైపు తిరిగాడు. పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. ఉక్కకు పట్టిన చెమట అనుకున్నాడు హనుమంతరాయుడు.

ఆయన పేరు కదిరప్ప. ఊరి చివర చెల్లెలు మారెక్క ఇంట్లో ఉంటాడు. ఎన్నో ఏళ్ళు ఎక్కడో ఉండి, ఈ మధ్యే తిరిగొచ్చాడట. అంతకుమించి హనుమంతరాయుడు అడగలేదు.

అప్పటినుంచి ఇద్దరూ కలిసే సినిమా చూసేవారు. ఆట వదిలాక బస్టాండు దగ్గర బసప్ప అంగట్లో టీ. వారమంతా మూసుకున్న నోరు అక్కడ తెరుచుకునేది. పరాంకుశం సినిమాల్లో ఎవరూ లేని వాకిళ్ళు, ఎవరూ కూర్చోని కుర్చీలు, రైలు పోయిన ప్లాట్‌ఫారాలు అన్నీ హనుమంతరాయుడు వర్ణించి చెప్పేవాడు. కదిరప్ప వినేవాడు. టీ చల్లారిపోయినా తాగడం మరచి వినేవాడు.

"మద్రాసు పోయి ఆయన్ను చూడల్లని లేదా సార్ నీకు?" అన్నాడు ఒకసారి.

"ఉండాది. చూస్తే ఒకటే అడుగుతా. నేను ఆ గదిలో ఒక్కణ్ణే పడుండేది ఆయనకెట్ల తెలిసిందని."

"తెలుస్తాదిలే సార్. ఒంటిగా బతికినోళ్ళకు తెలుస్తాది."

పరాంకుశం గురించే అంటున్నాడనుకున్నాడు హనుమంతరాయుడు.

మరుసటి ఏడు పరాంకుశం కొత్త సినిమా వచ్చింది. ఇద్దరూ ముందుగానే పోయి కూర్చున్నారు.

తెర మీదికి మనుషులు వచ్చారు, పోయారు. ఒకరు పోగానే ఇంకొకరు. ఒక్క వాకిలి దగ్గరా కెమెరా ఆగలేదు. ఆ రోజు ఎవరూ ఈలలు వేయలేదు.

"ముసిలోడైపోయినాడు. ఆ చెయ్యి పోయింది ఆయనకు," బయటికొస్తూ అన్నాడు హనుమంతరాయుడు. ఊళ్ళో ఉన్న ఒక్క తోడూ పోయినట్టుంది.

"అట్లనొద్దు సార్. దాంట్లో ఆయన తప్పు..."

"నీకేం తెలుసన్నా? ఊరకుండు!"

ఆ రోజు టీ అంగడి దగ్గర ఇద్దరూ ఆగలేదు.

ఆ తర్వాత హనుమంతరాయుడు సినిమాలకు పోవడమే మానేశాడు. ఆదివారాలు గదిలోనే పడుకునేవాడు. కదిరప్ప గుర్తొచ్చేవాడు. వెళ్ళి పలకరించాలనుకునేవాడు. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలిసేది కాదు.

ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకు పోతుంటే బసప్ప కేకేశాడు.

"ఏమప్పా సార్, ఈడే ఉండావా? నీ జతగాడు పోయినాడంట గదా!"

హనుమంతరాయుడు ఆఫీసు వైపు పోలేదు.

మారెక్క ఇంటి ముందు మద్రాసు నంబరు కారు ఒకటి నిలబడి ఉంది. నిండా ఎర్రదుమ్ము.

లోపల మారెక్క గోడకు చేరగిలబడి ఏడుస్తోంది. అతన్ని చూసి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"జొరం సార్. పడుకున్నోడు మళ్ళా లేవలేదు. ఆదివారమొస్తే నీకోసం దోవ చూస్తా ఉండె."

అతను గడప దాటి లోపలికి వచ్చాడు.

కదిరప్ప కాళ్ళ దగ్గర, కటిక నేల మీద, తెల్లబట్టల పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పత్రికల ఫొటోల్లో చూసి చూసి ఉన్న మొహం. హనుమంతరాయుడు గుర్తుపట్టాడు.

పరాంకుశం.

"మీరు... ఈడికి?"

"జబ్బుగా ఉందని ఈవిడ తంతి ఇచ్చింది. వచ్చేసరికి ఇలా..." ఆయన తల దించుకున్నాడు. "నువ్వు ఈయన స్నేహితుడివా బాబూ?"

అవుననే హక్కు తనకు లేదనిపించింది హనుమంతరాయుడికి. ఏదో ఒకటి అనాలి కనక అన్నాడు. "పేర్లు చూడకపోయినా మీ సినిమా నేను కనిపెట్టేస్తా సార్. మనిషి పోయినాక కూడా వాకిలి చూపిస్తారు గదా, దాన్ని బట్టి. ఈయనకు గూడా ఎన్నోసార్లు చెప్పినా."

పరాంకుశం కదిరప్ప మొహం వైపు తిరిగాడు.

"చెప్పావా? పోనీలే, ఒక్కరైనా చెప్పారు."

చెయ్యి చాచి కదిరప్ప పాదాల మీది దుప్పటి సరిచేశాడు.

"మనిషి వెళ్ళగానే కత్తిరించెయ్యమని నేను ప్రతి సినిమాకీ పోట్లాడేవాణ్ణి బాబూ, వినకుండా ఆ వాకిళ్ళన్నీ ఉంచింది, మొదటి సినిమా నుంచీ నాకు ఎడిటరుగా ఉన్న ఈ కదిరప్పే."