ముందు కనిపెట్టినవాళ్ళకి

"ఆ మాయదారి రిమోట్ దొరికిందా?" అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు, సోఫాలోంచి లేవకుండానే.

"దాని సంగతి తర్వాత. పార్కులో ఎవరో పెట్టె దాచి, ఫోన్లో ఆనవాళ్ళు పెట్టారట. ముందు కనిపెట్టినవాళ్ళకి బహుమతట. మీకెందుకులెండి, గుమ్మం దాటితే ఆయాసం!" అంది భార్య.

డాక్టరు నడవమని మొత్తుకున్నా కదలని మనిషి, ఆ మాటకు రోషమొచ్చి చెప్పులు తొడుక్కున్నాడు.

పార్కంతా గాలించాడు. చివరికి బెంచీ కింద పెట్టె దొరికింది. చెమట తుడుచుకుని మూత తీస్తే, లోపల తన టీవీ రిమోటే!

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. "నువ్వేనా దాచింది? పైసా ఖర్చు లేకుండా బహుమతా! ఉండు, వచ్చి సాయంత్రందాకా టీవీ చూస్తా."

"చూద్దురుగానీ. దాని బ్యాటరీలు వంతెన అవతల ఇంకో పెట్టెలో ఉన్నాయి. ఎండెక్కకముందే బయల్దేరండి."