ఉతికినా పోనిది

"ఉతికినా పోకూడదు. అలాంటిది చూపించండక్కా," అంది లెక్కల టీచరు, సెంట్ల దుకాణంలో గాజుబల్ల మీద మోచేతులు ఆనించి.

బల్లకు అవతల ఉన్న దుకాణం ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. "మగవాళ్లకేనా?" అని అడిగింది.

"ఆ. తియ్యగా, వెచ్చగా ఉండాలి. పక్క గదిలో ఉన్నా తెలిసిపోవాలి."

"మీ ఆయనకా?"

"కావలసినాయనకి." టీచరు గొంతేమీ తగ్గించలేదు. "వచ్చే నెల ఇంట్లో చెప్పేస్తానంటూ రెండేళ్లు నెట్టుకొచ్చాడు. ఆ నోరు పెగలదు. ఇక ఆ పెళ్లానికి ముక్కుతోనే తెలియాలి. ఇంటికెళ్లగానే చొక్కా విప్పి మహారాణి చేతికిస్తాడట, ఉతకడానికి."

"ఆవిడ మీద అంత కోపమా?"

"నా ఆదివారాలన్నీ మింగేసింది. ఒక్కరోజైనా కూర్చుని ఏడవాలి."

దుకాణం ఆవిడ అరలోంచి మూడు సీసాలు దించింది. "తీపి వాసన ఒక్కో ఒంటి మీద ఒక్కోలా మారుతుందమ్మా. ఆయన తొడిగిన బట్ట ఏదైనా ఉంటే చూసి చెబుతాను."

టీచరు సంచిలోంచి బూడిదరంగు స్వెట్టరు తీసిచ్చింది. "మహారాణే అల్లిందట. దీనికన్నా గోనెసంచి నయం."

దుకాణం ఆవిడ స్వెట్టరు తిరగేసి, మెడ దగ్గర వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత రెండు సీసాలు పక్కకు నెట్టేసి, మూడోదాని మూత తీసి, టీచరు మణికట్టు మీద ఒక చుక్క రాసింది. వెనిల్లా, మాడబెట్టిన చక్కెర, అడుగున ఎక్కడో పొగాకు.

"కాలరు లోపలివైపు రాయండి. మూడు ఉతుకులకు కూడా వదలదు."

టీచరు కళ్లు మూసుకుని పీల్చింది. చొక్కాను బకెట్లో ముంచబోయి, చెయ్యి ఆగిపోయి, మొహం పాలిపోయే ఆడమనిషి కనిపించింది. రెండేళ్లలో ఇంత హాయి ఎరగదు.

"ఇచ్చెయ్యండక్కా. ఇవ్వాళే రాస్తాను."

దుకాణం ఆవిడ సీసాను రంగు కాగితంలో చుట్టి, రిబ్బను ముడేసి, ఒక చీటీ, పెన్ను ముందుకు జరిపింది. "మీ ఇంటి చిరునామా రాయండి. సాయంత్రం బండిలో పంపిస్తాను."

"ఇంత సీసాకి బండెందుకు? చేత్తో పట్టుకుపోతాను."

"సీసా పట్టుకుపో అమ్మా. ఆయన బట్టల పెట్టెలు మూడున్నాయి, అవి నువ్వు మొయ్యలేవు."