అడిగారు

ఫోన్ మోగగానే మా ఆయన దాన్ని దిండు కిందికి తోసి, ఆ దిండు మీద కూర్చున్నారు.

"కాలేజీ ఆఫీసు వాళ్లే. ఎత్తావంటే ఊరుకోను," అన్నారు.

ఒక సబ్జెక్టు తప్పినప్పటి నుంచి ఇదే వరస. ఆయన చదువంతా ఉపకార వేతనం మీదే. ఉపకారం చేసినవాళ్లకు ఈ సంగతి తెలిస్తే ఇచ్చిందంతా కక్కిస్తారని భయం. ఉన్న నాలుగు రూపాయలూ ముట్టుకోరు, నన్ను ముట్టుకోనివ్వరు. కళ్లద్దాల కాడ విరిగితే దారంతో కట్టుకున్నారు. ఆకలి లేదంటూ నీళ్లు తాగి పడుకుంటున్నారు.

ఫోన్ మళ్లీ మోగింది.

"లేవండి. అదేమన్నా గుడ్డా, పొదగడానికి?" అని పైకి అన్నానే గాని, నాకూ భయమే. ముక్కూ మొహం తెలియనివాళ్లతో నేనెప్పుడూ మాట్లాడింది లేదు. దిండు కింద నుంచి ఫోన్ లాగి, కళ్లు మూసుకుని ఎత్తాను.

"ఆఫీసులో గుమాస్తానమ్మా," అంది ఒక పెద్దావిడ గొంతు. "మీ ఆయన డబ్బు తీసుకోవడానికి రావడమే మానేశాడు. ఒక సబ్జెక్టు పోతే ఆగిపోయే డబ్బు కాదమ్మా అది." తర్వాత ఇంకో మాట అడిగింది. ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టాను.

ఆయన గోడకు జారగిలబడిపోయారు. "అడిగారా?"

"అడిగారండీ."

"ఎంత?"

"డబ్బు కాదండీ. మిమ్మల్ని అడిగారు. ఒంట్లో బాగుందా, వేళకు తింటున్నాడా అని."

ఆయన దారం కట్టిన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"లైన్లోనే ఉన్నారు," అన్నాను. "బాగున్నారనే చెప్పనా?"