చిన్న పదవి

“ఎమ్మెల్యే చేసినోరు జెడ్పీటీసీకి నిలబడ్డమేటండీ! జనం నవ్వరా?” బంగార్రాజు టీ గ్లాసు కింద పెట్టేసి మరీ అడిగాడు.

వరండా మెట్టు మీద కూర్చున్న దేముడమ్మ అతని వంక చూసింది. “నవ్వితే నవ్వనీ. నవ్వితే ఓట్లు తరిగిపోతాయేటి?”

“తరగడానికి ముందు ఉండాల కదే! మీ అవతలపాలెం ఏనాడూ బాబుగారికి ఓటేసిన ఊరు కాదు. కిందటిసారి పడ్డవి పదకొండు. ఆ పదకొండూ ఎవులేసేరో మీ ఊరోళ్ళు ఇప్పటికీ ఎతుకుతన్నారు.”

గుమ్మంలో నిలబడ్డ కనకమహాలక్ష్మికి నవ్వొచ్చింది. భర్త సత్యారావు ముఖం చూసి ఆపుకుంది. ఆయన నామినేషను కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, చదివిన వరసే మళ్ళీ చదువుతున్నాడు.

పదేళ్ళు ఎమ్మెల్యేగా చేసి, ఆపైన వరసగా రెండుసార్లు ఓడిపోయి, చోడవరంలో ఇంటిపట్టున పేపర్లు చదువుకుంటున్న మనిషి. రోజుకి వందమంది తిరిగిన ఆ వరండాలోకి ఇప్పుడు పార్టీ మనిషి బంగార్రాజు తప్ప ఎవరూ రావడం లేదు. అలాంటి రోజుల్లో దేముడమ్మ రావడం మొదలుపెట్టింది. వారం వారం షేర్ ఆటో దిగి, గేటు తీసుకుని వచ్చి, అదే మెట్టు మీద కూర్చునేది. ఆమె అడిగేది ఒక్కటే. తమ ఊరికీ రోడ్డుకీ మధ్యనున్న గెడ్డ మీద వంతెన. వానాకాలంలో ఆ గెడ్డ పొంగితే ఊరంతా అవతలే ఉండిపోతుంది. తొమ్మిదేళ్ళ కిందట ఆమె కూతురు పైడితల్లి, పురిటినొప్పులతో డోలీలో పడుకుని, నీళ్ళెప్పుడు తగ్గుతాయా అని సాయంత్రం దాకా ఒడ్డునే ఎదురుచూసింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

“అంతకు ముందేడే వంతెన మంజూరైందటగా, మీ హయాంలోనే?” అని కనకమహాలక్ష్మి ఒకసారి భర్తనడిగింది.

ఆయనకంటే ముందు బంగార్రాజే అందుకున్నాడు. “కొలతలు కుదర్లేదని ఆపేసేరమ్మా. అంతా ఇంజనీర్ల గొడవ.”

సత్యారావు పేపరు పేజీ తిప్పాడు.

ఆమె దేముడమ్మకి నచ్చచెప్పి చూసింది. “ఇప్పుడున్న ఎమ్మెల్యే గారినడగొచ్చు కదా? ఈయన చేతిలో ఏ పదవీ లేదాయె.”

“నేకపోతే తెచ్చుకోవాల. ఈ పని సేస్తే ఈ బాబే సెయ్యాలమ్మా.”

ఓడిపోయిన మనిషి మీద ఇంత నమ్మకం పెట్టుకున్నది లోకంలో ఈమె ఒక్కతే అనిపించింది కనకమహాలక్ష్మికి. ఆ రోజు నుంచి అన్నం పెట్టకుండా ఆమెను పంపలేదు.

“ఇంతకీ ప్రతిపాదించేవోరి సంతకం ఎవులిదండీ? ఎవరైనా పెద్దమనిషి చేత పెట్టిస్తే…” అంటున్నాడు బంగార్రాజు, నామినేషను కాగితం వంక చూస్తూ.

“నాను పెడతాను,” దేముడమ్మ బొటనవేలు చాచింది.

“ఓట్లెయ్యని ఊరి నుంచి వేలిముద్రా! బాగుందే!”

సత్యారావు ఇంకు ప్యాడ్ మూత తీశాడు. ప్యాడ్‌ను ఆమె ముందుకి జరిపాడు.

మూడు వందల చిల్లర ఓట్ల తేడాతో గెలిచాడు.

అసెంబ్లీలో గంటలు గంటలు మాట్లాడిన మనిషి, జిల్లా పరిషత్తు సమావేశాల్లో మైకు కోసం చెయ్యెత్తుకుని కూర్చునేవాడు. దొరికిన రెండు నిమిషాల్లోనూ అవతలపాలెం వంతెన గురించే చెప్పేవాడు. “వంతెన బాబు లేచేడర్రా!” అని పక్క మండలాల సభ్యులు నవ్వేవారు. ఒకప్పుడు తన ఎదుట కూర్చోవడానికి జంకిన ఉద్యోగుల ముందు, ఫైలు పట్టుకుని నిలబడేవాడు. విశాఖకి బస్సులోనే వెళ్ళొచ్చేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక, ఎవరు లేచి సీటిచ్చారో చెప్పేవాడు గాని సమావేశం సంగతి చెప్పేవాడు కాదు.

“ఎందుకండీ ఈ అవస్థ? అప్పట్లో ఒక్క ఫోను చేస్తే పనులైపోయేవి,” అంది కనకమహాలక్ష్మి, మజ్జిగ పోస్తూ.

“ఫోనుతో అయ్యే పని కాదులే ఇది,” అన్నాడు. విస్తరిలోంచి తలెత్తలేదు.

మూడో ఏడు వానలకి ముందే వంతెన పూర్తయింది.

ప్రారంభం రోజున అవతలపాలెం అవతలపాలెమంతా గెడ్డ దగ్గరే ఉంది. శిలాఫలకం మీద తన పేరు వేయడానికి సత్యారావు ఒప్పుకోలేదని బంగార్రాజు ఇంకా సణుగుతూనే ఉన్నాడు. సర్పంచి మైకు పుచ్చుకుని, “ఓట్లెయ్యని ఊరికి వంతెన కట్టించిన దేవుడండీ ఈయన!” అనగానే జనం చప్పట్లు కొట్టారు. కనకమహాలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. వేదిక మీద భర్త తల దించుకుని కూర్చున్నాడు. ఎన్ని పదవులు చేసినా ఆయనకి పొగడ్త అలవాటు కాలేదని మురిసిపోయింది.

రిబ్బను కత్తిరించగానే జనం వంతెన మీదికి పరుగులు తీశారు. దేముడమ్మ ఒక్కతే ఒడ్డున ఉండిపోయింది. సత్యారావు వేదిక దిగి ఆమె దగ్గరికి నడిచాడు. మంచినీళ్ళ సీసా పట్టుకుని కనకమహాలక్ష్మి వెనకే వెళ్ళింది. ఆమె చూస్తుండగానే ఆయన వంగి, దేముడమ్మ కాళ్ళు పట్టుకున్నాడు.

“నీకో మాట చెప్పాలమ్మా. చాన్నాళ్ళుగా…” అన్నాడు.

“సెప్పక్కర్నేదు బాబూ. లెగు.” ఆమె ఆయన్ని భుజం పట్టి లేవదీసింది. అవతలి ఒడ్డు నుంచి ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ వంతెన ఎక్కింది. అది ఇవతలికి దిగేదాకా చూసి, అప్పుడు ఆయన వైపు తిరిగింది.

“ఈ వంతెన ఆపించింది నువ్వేనని తెలిసే నిన్ను నిలబెట్టేను.”